కొన్న రేటు ఎప్పుడొస్తుంది?



"నా రేటు మళ్ళీ ఎప్పుడొస్తుందండీ?" షేర్లు కొని నష్టంలో పడ్డ చిన్న మదుపరి తెలిసినవాళ్లు ఎవరు కనిపించినా మొదట అడిగే మాట ఇది. ఈ వేళ ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడదామనుకుంటున్నాను. ఊరికే గాలిలో మాట్లాడకుండా ఒక కంపెనీని దగ్గర పెట్టుకుని చూద్దాం. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్. అందరికీ తెలిసిన పేరు హెచ్‌ఏఎల్. తేజస్ యుద్ధ విమానాలు, ధ్రువ్, ప్రచండ్ హెలికాప్టర్లు తయారయ్యేది ఇక్కడే. ఈ షేరు కొనమని గానీ, అమ్మమని గానీ నేను చెప్పబోవడం లేదు. అది నా పని కాదు. పడిన ధర లేస్తుందా లేదా అని లక్షల ఇళ్లలో లెక్కలు వేసుకుంటున్నప్పుడు ఆ లెక్క దేని మీద నిలబడి ఉందో చూపించాలన్నదే నా ఆశ.

2024 జూలైలో హెచ్‌ఏఎల్ షేరు 5,600 రూపాయలు దాటింది. ఆ నెల రోజుల్లో కొన్నవాళ్లు చాలామంది. రక్షణ రంగం అంటే ఇక తిరుగులేదన్న నమ్మకం ఊరూరా పాకిన రోజులవి. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2025 మార్చి మొదట్లో, అదే షేరు 3,050 రూపాయల దగ్గర ఉంది. లక్ష రూపాయలు పెట్టినవాళ్ల దగ్గర 54 వేలు మిగిలాయి. ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. 46 శాతం పడింది కాబట్టి 46 శాతం లేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. 3,050 మళ్ళీ 5,670 కావాలంటే 86 శాతం పెరగాలి. పడటానికీ లేవటానికీ మెట్లు ఒకే ఎత్తులో ఉండవు.

ఇప్పుడు ఇదే కంపెనీ షేరు బజారులోకి వచ్చిన రోజుకు వెళ్దాం. 2018 మార్చి. ప్రభుత్వం తన వాటాలో పదో వంతు అమ్మకానికి పెట్టింది. ఒక్కో షేరు 1,215 నుంచి 1,240 రూపాయలు. చిన్న మదుపరులకు 25 రూపాయల తగ్గింపు కూడా ఇచ్చారు. అయినా వాళ్ల కోసం ఉంచిన భాగం సగం కూడా నిండలేదు. ప్రభుత్వ కంపెనీ, ప్రభుత్వమే కొనుగోలుదారు, విమానాలు ఎప్పుడూ ఆలస్యం, దీన్లో ఏముందని జనం మొహం తిప్పుకున్నారు. 2020 ఆగస్టులో ప్రభుత్వం మరికొంత వాటాను, అప్పటి బజారు ధర కన్నా బాగా తక్కువగా, 1,001 రూపాయల కనీస ధరకు అమ్మకానికి పెట్టింది. 2023 సెప్టెంబరులో 10 రూపాయల ముఖవిలువ షేరును 5 రూపాయల షేర్లు రెండుగా విడగొట్టారు. అంటే 2018లో 1,215కు కొన్న ఒక షేరు రెండయింది, ఒక్కోటి 607 రూపాయలు పడ్డట్టు. 607కు అక్కర్లేదన్న షేరునే ఆరేళ్లకు 5,600కు ఎగబడి కొన్నాం. మధ్యలో కంపెనీ బాగుపడింది, నిజమే. కానీ తొమ్మిది రెట్లు బాగుపడిందా?

కంపెనీ లెక్కలు తెరిచి చూద్దాం. 2023-24లో హెచ్‌ఏఎల్ నికర లాభం 7,621 కోట్లు. షేర్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షేరుకు సుమారు 114 రూపాయలు. అంటే 2024 జూలైలో కొన్నవాళ్లు ఒక ఏడాది లాభానికి దాదాపు 50 రెట్లు ఇచ్చి కొన్నారు. ఆ మరుసటి ఏడాది, 2024-25లో, లాభం 8,364 కోట్లకు పెరిగింది. షేరుకు 125 రూపాయలు. దాదాపు 10 శాతం పెరుగుదల. సరిగ్గా అదే ఏడాదిలో షేరు సగానికి దగ్గరగా పడింది! 3,050 దగ్గర అది ఆ ఏడాది లాభానికి 24 రెట్లు.

దీన్ని కాసేపు మనసులో ఉంచుకోండి. లాభం తగ్గలేదు, పెరిగింది. తగ్గింది జనం ఇవ్వడానికి సిద్ధపడిన రెట్లు. 50 రెట్లు ఇచ్చిన చేతులు 24 రెట్లకు దిగాయి. కాబట్టి "షేరు కోలుకుంటుందా" అని అడుగుతున్నప్పుడు మనం నిజానికి రెండు వేర్వేరు సంగతులు కలిపి అడుగుతున్నాం. కంపెనీ ఇంకా ఎక్కువ సంపాదిస్తుందా అన్నది ఒకటి. పక్కవాళ్లు మళ్ళీ 50 రెట్లు ఇచ్చేంత ఉత్సాహంలోకి వస్తారా అన్నది రెండోది. మొదటిదాన్ని కొంతైనా పరిశీలించి తెలుసుకోవచ్చు. రెండోదాన్ని ఎవరూ తెలుసుకోలేరు, టీవీలో టార్గెట్ చెప్పేవాళ్లతో సహా.

మొదటిదాన్ని చూద్దాం. విమానాల కంపెనీలో సంపాదన ఎలా వస్తుంది?

2021 ఫిబ్రవరిలో, బెంగళూరు ఏరో ఇండియా ప్రదర్శనలో, 73 తేజస్ మార్క్ 1ఎ యుద్ధ విమానాలు, 10 శిక్షణ విమానాలు కలిపి 83 విమానాలకు ప్రభుత్వం హెచ్‌ఏఎల్‌తో ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 48,000 కోట్లు. మొదటి విమానం 2024 మార్చి నాటికి వైమానిక దళం చేతికి రావాలి. ఈ విమానానికి గుండెకాయ అమెరికా కంపెనీ జీఈ చేసే ఎఫ్404 ఇంజన్. 2021 ఆగస్టులో 99 ఇంజన్లకు హెచ్‌ఏఎల్ 71.6 కోట్ల డాలర్ల ఆర్డరిచ్చింది. అయితే అంతకు ముందు మన తేజస్ కోసం తీసుకున్న 65 ఇంజన్లు 2016లోనే పూర్తయిపోయాయి. కొత్త ఆర్డర్లు లేక జీఈ ఆ ఇంజన్ తయారీ వరుసను ఆపేసింది. దాన్ని మళ్ళీ మొదలుపెట్టడమంటే మూతపడ్డ మిల్లు తాళం తీసినంత సులువు కాదు. విడిభాగాలిచ్చే చిన్న కంపెనీలను ఒక్కొక్కటిగా మళ్ళీ కూడగట్టాలి. అందులోనూ కోవిడ్ తర్వాత విమాన పరిశ్రమ అంతటా విడిభాగాలకు కరువొచ్చింది. చివరికి మొదటి ఇంజన్ 2025 మార్చిలో వచ్చింది. మొదటి విమానం అప్పగించాల్సిన గడువు దాటిన ఏడాదికి మొదటి ఇంజన్!

ఆ ఏడాదిలో షేరు కొన్నవాళ్ల ఫోన్లలోకి వచ్చిన వార్తలేమిటి? కొత్త ఆర్డర్లు. 2025 మార్చి 28న 156 ప్రచండ్ హెలికాప్టర్లకు 62,700 కోట్ల ఒప్పందం. సెప్టెంబరు 25న మరో 97 తేజస్ విమానాలకు 62,370 కోట్ల ఒప్పందం. ఆర్డర్ వార్త రాగానే షేరు కదులుతుంది, యాప్‌లో పచ్చరంగు కనిపిస్తుంది. 2024 మార్చి చివర హెచ్‌ఏఎల్ చేతిలో 94,000 కోట్ల ఆర్డర్లుంటే, ఏడాది తర్వాత అవి 1.89 లక్షల కోట్లకు చేరాయి. రెట్టింపు. అదే ఏడాది ఆదాయం? 30,381 కోట్ల నుంచి 30,980 కోట్లకు. రెండు శాతం.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆర్డర్ అంటే నారుమడిలో నారు. డెలివరీ అంటే కల్లానికి చేరిన గింజ. నారు ఒత్తుగా ఉందని ఎవరూ బస్తాలు లెక్కపెట్టి అప్పు తీర్చలేరు. విమానం తయారై, గాల్లోకి లేచి, పరీక్షలన్నీ దాటి, వైమానిక దళం సంతకం పెట్టి తీసుకున్నప్పుడే బిల్లు పూర్తిగా చేతికొచ్చేది. అంతదాకా వచ్చేవి అడ్వాన్సులు. ఈ లోగా హెచ్‌ఏఎల్ ఆదాయంలో పెద్ద భాగం కొత్త విమానాల నుంచి రావడం లేదు. ఉన్న విమానాల మరమ్మతులు, ఓవర్‌హాల్, విడిభాగాలు, వీటి నుంచి వస్తోంది. అది నమ్మకమైన రాబడి. కానీ దానికి 50 రెట్లు ఎవరూ ఇవ్వరు. 50 రెట్లు ఇచ్చింది తేజస్ కోసం.

ఇంకో సంగతి. ఈ కంపెనీలో 71.64 శాతం ప్రభుత్వానిది. పెద్ద కొనుగోలుదారూ ప్రభుత్వమే. యజమానీ, ఖాతాదారూ ఒకరే అయినచోట విమానం ధర ఎంత ఉండాలి, లాభం ఎంత మిగలాలి అన్నది మార్కెట్ నిర్ణయించదు, రక్షణ శాఖతో కూర్చుని తేల్చుకోవాలి. అవసరమైనప్పుడు తన వాటాను తక్కువ ధరకు అమ్మకానికి పెట్టేదీ ఆ యజమానే. 2020లో పెట్టింది. 2023 మార్చిలో 2,450 రూపాయలకు మళ్ళీ పెట్టింది. దేశరక్షణ కోసం పనిచేసే సంస్థలో ఇది సహజమే కావచ్చు. కానీ మన పిల్లల చదువు డబ్బు అందులో పెట్టేటప్పుడు తెలిసి పెట్టాలి.

ఇక మదుపరి వైపు చూద్దాం. మన దేశంలో 2020 మార్చిలో డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2025 మార్చికి 19 కోట్లు దాటాయి. ఈ ఐదేళ్లలో కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది లేచే మార్కెట్‌ను మాత్రమే చూశారు. హెచ్‌ఏఎల్ లాంటి షేరులో దేశం మీది ప్రేమ కూడా కలుస్తుంది. హైదరాబాదు బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం ఉంది. తేజస్ మధ్య భాగాన్ని తయారు చేసే ప్రైవేటు సంస్థ కూడా హైదరాబాదుదే. అక్కడ పనిచేసిన బాబాయో మేనమామో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. ఆ కంపెనీ మీద గౌరవంతో షేరు కొనడంలో తప్పేమీ లేదు. గౌరవానికి ఎంత ధర కట్టామన్నదే ప్రశ్న.

ఒక లెక్క చేసి చూద్దాం. నిజమైన మనిషి కాదు, ఊహించుకుందాం. ఒక మాస్టారు 5,500 దగ్గర 20 షేర్లు కొన్నారు. లక్షా పదివేలు. ధర 4,400కు దిగింది. "యావరేజ్ చేద్దాం" అని మరో 25 కొన్నారు, ఇంకో లక్షా పదివేలు. ధర 3,500కు వచ్చింది. ఇంకో 30 కొన్నారు, లక్షా ఐదువేలు. ఇప్పుడు 75 షేర్లు, పెట్టిన డబ్బు 3 లక్షల 25 వేలు, సగటు ధర 4,333. ఫోన్‌లో సగటు 5,500 నుంచి 4,333కు దిగిందని చూసి మాస్టారికి ధైర్యం వస్తుంది. కానీ ధర 3,100 చేరిన రోజున ఆయన నష్టం 92,500. మొదటి 20 షేర్లతో ఆగి ఉంటే ఆ నష్టం 48,000. సగటు తగ్గింది, నష్టం దాదాపు రెట్టింపయింది. ఇంటి పొదుపులో ఒకే కంపెనీకి కట్టిన మొత్తం మూడు రెట్లయింది.

ఇక్కడ నిజం పూర్తిగా చెప్పాలి. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ తర్వాత రక్షణ రంగ షేర్లన్నీ లేచాయి. హెచ్‌ఏఎల్ మళ్ళీ 5,000 దాటింది. 5,000 దగ్గర ఆ 75 షేర్ల విలువ 3 లక్షల 75 వేలు. మాస్టారికి 50 వేల లాభం. అంటే ఆ పద్ధతి ఈసారి పనిచేసింది. పనిచేసింది కాబట్టే నేను దాని గురించి ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఒకసారి ఫలించిన పద్ధతిని మనిషి రెండోసారి రెట్టింపు డబ్బుతో వాడతాడు. రెండోసారి ఆ కంపెనీ హెచ్‌ఏఎల్ కాకపోవచ్చు. లేచిన కారణం కూడా చూడండి. మార్చికీ మే నెలకీ మధ్య వైమానిక దళానికి కొత్త తేజస్ మార్క్ 1ఎ ఒక్కటి కూడా అందలేదు. హెలికాప్టర్ల ఒప్పందం కుదిరింది, ఒక ఇంజన్ వచ్చింది, సరిహద్దులో యుద్ధ వాతావరణం వచ్చింది. 24 రెట్లిచ్చే చేతులు మళ్ళీ 40 రెట్లకు వెళ్లాయి.

ఆర్థిక శాస్త్రంలో ఈ స్వభావం మీద 1985లో హెర్ష్ షెఫ్రిన్, మేయర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక పరిశోధన పత్రం రాశారు. లాభంలో ఉన్న షేరును మనిషి తొందరగా అమ్మేస్తాడు, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటాడు. అమ్మితే నష్టం ఖాయమైపోయినట్టు, అమ్మకపోతే ఇంకా జరగనట్టు అనిపిస్తుంది. "అమ్మితేనే కదా నష్టం" అన్న మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు? కానీ మీరు కొన్న రేటు మీ బ్రోకరు కాగితంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బెంగళూరులో విమానం రెక్క బిగిస్తున్న కార్మికుడికి అది తెలియదు. ఇంజన్ ప్యాక్ చేస్తున్న అమెరికా ఫ్యాక్టరీకి తెలియదు. రేపు ఆ షేరు కొనబోయే మనిషికి అసలే తెలియదు. 5,500 అన్న అంకె దగ్గర ఆ షేరు ఆగి మీ కోసం ఎదురుచూడటానికి ఒక్క కారణం కూడా లేదు.

బయటి దేశాల్లో ఇలాంటి కథలు రెండు చెబుతాను. ఒకటి కోలుకున్నది, ఒకటి కోలుకోనిది.

బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ పెద్ద విమానాలకు ఇంజన్లు చేస్తుంది. కార్ల కంపెనీ కాదు, ఆ రెండూ విడిపోయి యాభై ఏళ్లు దాటింది. 1971లో ఒక ఇంజన్ తయారీ ఖర్చు మితిమీరి ఈ కంపెనీ దివాలా తీస్తే ప్రభుత్వం తీసుకుని నిలబెట్టింది, 1987లో మళ్ళీ జనానికి అమ్మింది. దాని రాబడి ఇంజన్ అమ్మకం కన్నా ఆ ఇంజన్ గాల్లో తిరిగిన గంటల మీద ఎక్కువ. విమానయాన సంస్థలు గంటకు ఇంత అని కడతాయి. 2020లో కోవిడ్‌తో విమానాలు నేల మీద ఆగిపోయాయి. గంటలు ఆగిపోయాయి, డబ్బు ఆగిపోయింది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లోనే నష్టం 540 కోట్ల పౌన్లు. అక్టోబరులో కంపెనీ రైట్స్ ఇష్యూ ప్రకటించింది. చేతిలో ప్రతి 3 షేర్లకు 10 కొత్త షేర్లు, ఒక్కోటి 32 పెన్నీలకు. షేర్ల సంఖ్య 193 కోట్ల నుంచి 830 కోట్ల పైకి వెళ్లింది.

బ్రిటన్‌లో ఎంతోమంది సామాన్యులు అప్పుడు ఆ షేరు పట్టుకుని మన మాస్టారి ప్రశ్నే వేసుకున్నారు. 2023 జనవరిలో తూఫాన్ ఎర్గిన్‌బిల్గిచ్ అనే కొత్త అధిపతి వచ్చేనాటికి షేరు ఒక పౌను దగ్గర ఉంది. కంపెనీ నిప్పంటుకున్న వేదిక మీద నిలబడి ఉందని ఆయన ఉద్యోగులకే మొహం మీద చెప్పారు. విమానయాన సంస్థలతో ఒప్పందాలను తిరిగి మాట్లాడి రేట్లు సవరించుకున్నారు. ఖర్చులు కోశారు. విమానాలు మళ్ళీ గాల్లోకి లేచాయి. 2025 ఫిబ్రవరిలో, కోవిడ్ తర్వాత మొదటిసారి డివిడెండ్ ప్రకటించారు. ఆ ఏడాది జూలై చివరికి షేరు 10 పౌన్లు దాటింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2018లో కూడా ఆ షేరు 10 పౌన్లకు అటూ ఇటూగా పలికింది. "చూశారా, పాత రేటు వచ్చింది" అని ఎవరైనా అనవచ్చు. కానీ 2018లో కంపెనీ 190 కోట్ల ముక్కలు. 2025లో 840 కోట్ల ముక్కలు. అదే 10 పౌన్లంటే కంపెనీ మొత్తం విలువ నాలుగు రెట్లకు పైగా పెరిగిందని అర్థం. 2020 అక్టోబరులో 3 షేర్లున్నవాళ్లు ఇంకో 3 పౌన్ల 20 పెన్నీలు కట్టి 10 కొత్త షేర్లు తీసుకుని ఉంటే వాళ్లు బాగా గెలిచారు. కట్టడానికి డబ్బు లేనివాళ్ల వాటా నాలుగో వంతు కన్నా కిందికి పోయింది. ఉద్యోగాలు పోతున్న ఆ ఏడాదిలో చేతిలో డబ్బున్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. కోలుకున్నది కంపెనీయే. అందులో ఉన్న ప్రతి మనిషీ కోలుకోలేదు.

రెండోది బోయింగ్. 2019 మార్చి మొదటి రోజున న్యూయార్క్‌లో దాని షేరు 440 డాలర్లు. తొమ్మిది రోజులకు ఇథియోపియాలో ఆ కంపెనీ 737 మ్యాక్స్ విమానం కూలింది. అంతకు నాలుగు నెలల ముందు ఇండోనేషియాలో అదే రకం కూలింది. రెండింటిలో 346 మంది పోయారు. 2020 మార్చికి షేరు 100 డాలర్ల కిందికి వచ్చింది, డివిడెండ్ ఆపేశారు. జూన్‌లో మళ్ళీ 200 దాటితే ఇళ్లలో ఉండి ఫోన్లో షేర్లు కొంటున్న అమెరికా కుర్రాళ్లు ఇక 440 ఎంతో దూరం లేదనుకున్నారు. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో గాల్లోనే తలుపు పలక ఊడిపోయింది. ఆ అక్టోబరులో, సమ్మెతో ఫ్యాక్టరీలు ఆగి ఉండగా, డబ్బు కోసం కంపెనీ 143 డాలర్లకు కొత్త షేర్లు అమ్ముకుంది. 2025 ముగిసేదాకా ఆ 440 మళ్ళీ కనిపించలేదు. ఆరేళ్లు దాటిపోయాయి. బోయింగ్ చేతిలో ఆర్డర్లకు ఎప్పుడూ కొదవ లేదు, వేలకొద్దీ విమానాల ఆర్డర్లు అన్నాళ్లూ ఉన్నాయి.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 2025 నవంబరు 21, శుక్రవారం. దుబాయ్ ఎయిర్‌షోలో విన్యాసాలు చేస్తున్న తేజస్ కూలింది. నడుపుతున్న వింగ్ కమాండర్ ప్రాణాలు పోయాయి. మన మార్కెట్ అప్పటికి కాసేపటి ముందే మూసేశారు. ఆ శని, ఆదివారాలు షేర్లు కొన్నవాళ్ల మధ్య జరిగిన మాటలన్నీ సోమవారం షేరు ఎంత పడుతుందన్న దాని చుట్టూనే తిరిగాయి. సోమవారం ఉదయం బాగా పడింది, సాయంత్రానికి కొంత కూడదీసుకుంది. డబ్బు పెట్టినవాళ్లకు భయం వేస్తుంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ రెండు రోజుల్లో అడగాల్సిన అసలు ప్రశ్న ఆ విమానానికి ఏమైందన్నది. ఆ విమానంలో కూర్చునే తర్వాతి మనిషికి సంబంధించిన ప్రశ్న అది. కంపెనీ భవిష్యత్తు కూడా ఆ జవాబులోనే ఉంటుంది. అంతకు ముందు జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలినప్పుడు దేశంలోని ధ్రువ్ హెలికాప్టర్లన్నీ నెలల తరబడి నేల మీదే ఆగాయి. విమాన పరిశ్రమలో ఒక చిన్న భాగం మీద అనుమానం వచ్చినా అన్నీ ఆగుతాయి. ఆగాలి కూడా. షేరు కోలుకోవడం కోసం ఆ పరీక్ష తొందరగా ముగియాలని కోరుకునే స్థితిలోకి ఏ మదుపరీ రాకూడదు.

అప్పు తెచ్చి కొనేవాళ్లకు ఒక్క మాట. ఈ మధ్య బ్రోకర్లే డబ్బిచ్చి షేర్లు కొనిపిస్తున్నారు, వడ్డీ రోజువారీ నడుస్తుంది. ఆప్షన్లు ఇంకా ప్రమాదం, వాటికి గడువు తేదీ ఉంటుంది. 2024-25లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారని, అందరి నికర నష్టం లక్ష కోట్లు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. తేజస్ ఇంజన్ ఏడాది ఆలస్యంగా వస్తుంది. మీ ఆప్షన్ నెలాఖరుకు ముగుస్తుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

మరి పడిన షేరు చేతిలో ఉన్నవాళ్లు ఏం చూడాలి? ఈ మూడు నెలల్లో ఎన్ని ఇంజన్లు వచ్చాయి? ఎన్ని విమానాలు వైమానిక దళం తీసుకుంది? బెంగళూరుతో పాటు నాసిక్‌లో కొత్తగా పెట్టిన తయారీ వరుస నుంచి ఎన్ని బయటికొచ్చాయి? అక్కడ తయారైన మొదటి తేజస్ మార్క్ 1ఎ 2025 అక్టోబరు 17న ఎగిరింది. ఆదాయం ఆర్డర్ల వెంట పెరుగుతోందా? వీటికి జవాబులు దొరుకుతాయి. స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో కంపెనీ ప్రకటనలుంటాయి. ఫలితాల తర్వాత పెద్ద సంస్థల విశ్లేషకులతో అధికారులు మాట్లాడే కాల్ రికార్డింగునూ, దాని రాతప్రతినీ కంపెనీ అందరికీ అందుబాటులో పెట్టాలన్నది సెబీ నిబంధన. పైసా ఖర్చు లేదు. గంటసేపు అది చదివితే వంద టిప్పుల్లో దొరకని సంగతులు తెలుస్తాయి. ఇవన్నీ చూశాక, ఈ షేరు మీ దగ్గర లేకపోతే, చేతిలో అంతే నగదు ఉంటే, ఇవాళ్టి ధరకు కొంటారా అని మిమ్మల్ని మీరు అడగండి. కొంటానంటే ఉంచుకోవడానికి మీకో కారణం ఉంది. కొననంటే మిమ్మల్ని పట్టి ఉంచుతున్నది కొన్న రేటొక్కటే.

నన్ను బాగా బాధపెట్టే విషయం ఒకటుంది. ఆ పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. టిప్పులు మాత్రం చక్కని తెలుగులో వస్తాయి. గుడివాడలోనో సిద్దిపేటలోనో పొదుపు డబ్బు పెట్టిన మనిషికి నిజం పరాయి భాషలోనూ, ఊహాగానం సొంత భాషలోనూ అందుతుంటే ఆయన దేన్ని వింటాడు? బాలానగర్‌లో యుద్ధ విమానాల ఎలక్ట్రానిక్ పరికరాలు తయారు చేయగలిగిన సంస్థకు మూడు నెలలకోసారి రెండు పేజీలు తెలుగులో రాసి పెట్టడం కష్టమేమీ కాదు. కొత్తగా ఎన్ని ఆర్డర్లు వచ్చాయన్న అంకె పక్కనే ఎన్ని ఇచ్చాం, ఎన్ని ఇవ్వాల్సి ఉండి ఇవ్వలేకపోయాం అన్న అంకెలు కూడా అందులో ఉండాలి. ఒక్క షేరు ఉన్నా మీరు వాటాదారులే. ఏటా వార్షిక సమావేశం నోటీసు మీ ఈమెయిల్‌కు వస్తుంది. ప్రశ్నలు ముందుగా ఎలా పంపాలో అందులోనే రాసి ఉంటుంది. ఈసారి దాన్ని తెరవకుండా వదిలేయకండి. తెలుగులో ఆ రెండు పేజీలు కావాలని రాసి పంపండి.